అధ్యక్షా అన్న తర్వాత

శాసనసభలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల మాటలు రాసుకున్నాను. నా ఉద్యోగం పేరు రిపోర్టరు. పత్రికల రిపోర్టరుని కాదు. స్పీకరు గారి ఆసనం కింద బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు అన్నది అన్నట్టు షార్ట్‌హ్యాండులో దింపుకునే రిపోర్టరుని. వాళ్ళు తిట్టుకుంటే ‘అంతరాయం’ అని రాస్తాం. బల్లలు చరిస్తే ‘హర్షధ్వానాలు’ అని రాస్తాం. ఎవరూ వినకపోతే మాత్రం ఏమీ రాయం, దానికి గుర్తు లేదు.

సభలో ఎవరు లేచినా ముందు అనవలసిన మాట ‘అధ్యక్షా’. పొగడాలన్నా అదే, తెగడాలన్నా అదే. రోజుకి వెయ్యిసార్లు వచ్చే మాట గనక దానికి చిన్న కొక్కెం లాంటి గుర్తు ఒకటి నేనే కనిపెట్టుకున్నాను. కింతాడ అప్పలసూరి నాయుడు గారు మామూలు సభ్యుడిగా ఉన్న పదిహేనేళ్ళూ నా పుస్తకాల్లో ఆ కొక్కెంగానే మిగిలిపోయారు.

ఆయన రాష్ట్రానికి ఉత్తరం కొసన కొండల పక్కనుంచి కుట్టుమిషను గుర్తు మీద స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి వచ్చారు. అంతకుముందు లారీలకి టార్పాలిన్లు కుట్టేవారు. నిలబడటానికి కారణం తాటిగెడ్డ. వాళ్ళ వైపు వాగుని గెడ్డ అంటారు. ఆ గెడ్డకి ఇవతలి ఒడ్డు ఆయన నియోజకవర్గం, అవతలి ఒడ్డు పక్క నియోజకవర్గం. రోడ్డూ, ఆస్పత్రీ, హైస్కూలూ ఇవతలే ఉన్నాయి. అవతల ఏడు ఊళ్ళ జనం ఉన్నారు. మధ్యలో వంతెన లేదు.

అవతలి ఒడ్డున ముద్దాడ సూరమ్మ అనే అంగన్‌వాడీ టీచరు ఉండేది. పిల్లలకి పెట్టే కోడిగుడ్లు ఇవతలి ఒడ్డు దాకా ఆటోలో వస్తాయి. అక్కణ్ణుంచి ఆవిడ అట్టలు నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో దాటించుకోవాలి. ఒక వానాకాలం కాలు జారి మూడు అట్టలు గెడ్డపాలయ్యాయి. మిగిలిన ఒక్క అట్టతో ఆవిడ తిన్నగా నాయుడు గారి కుట్టుమిషను దగ్గరికొచ్చి నిలబడిందట.

“బాబూ, నువ్వు నలుగురికీ తెలిసినోడివి. ఎలచ్చన్ల నిలబడు. అసెంబ్లీల లెగిసి ఒక్కపాలి సెప్పు, గెడ్డ మీద వంతెన్నేదని. పెద్దోలంతా అక్కడే ఉంతారు కదేటి, ఇంతారు.”

పెద్దవాళ్ళంతా ఉంటే వింటారని సూరమ్మ నమ్మింది. నాయుడు గారు కూడా నమ్మారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నమ్మాను, కాబట్టి వాళ్ళని వేళాకోళం చేయను.

మొదటి సమావేశానికి ఆయన రెండే రెండు వాక్యాలు రాసుకుని బట్టీ పట్టి వచ్చారు. “అధ్యక్షా, తాటిగెడ్డ మీద వంతెన లేక రెండొడ్ల జనం చాలా ఇబ్బంది పడుతున్నారు. వెంటనే వంతెన వేయించవలసిందిగా తమరి ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.” అంతే. కానీ సభలో సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. పెద్ద పార్టీకి పెద్ద వాటా, చిన్న పార్టీకి చిన్న వాటా. స్వతంత్రులకి అందరూ అయిపోయాక మిగిలింది. ఆ మిగిలింది సరిగ్గా ఒక మాట పట్టేంత ఉండేది.

ఆయన లేచి, కండువా సర్దుకుని, “అధ్యక్షా!” అన్నారు. గంట మోగింది. స్పీకరు గారి బల్ల మీద ఎర్ర మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే సభ్యుడి మైకు ఆగిపోతుంది. మీట నొక్కి, “సమయాభావం దృష్ట్యా గౌరవ సభ్యులు సహకరించాలి,” అన్నారు స్పీకరు గారు. నాయుడు గారు సహకరించారు. నేను కొక్కెం ఒకటి గీసి పేజీ తిప్పాను.

సభ్యులు మాట్లాడిన దాని నకలు వాళ్ళకి పంపడం, తప్పులుంటే వాళ్ళు దిద్ది సంతకం చేసి పంపడం మా దగ్గర ఆచారం. ఆ మధ్యాహ్నం నాయుడు గారు తన నకలు పట్టుకుని స్వయంగా మా గదికొచ్చారు. కాగితమంతా ఖాళీ, పైన ఒక్క మాట.

“రిపోర్టరు గారూ, నేను ఇంకా చెప్పబోయానండీ. అది కూడా వేసీండి. ఇదిగో, రాసుకునే వచ్చాను.”

“చెప్పబోయినవి రికార్డులోకి రావండీ,” అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆ నకలు మళ్ళీ చదువుకున్నారు. “నేను దీర్ఘం తీశానండి. ఇక్కడ ఒక్క దీర్ఘమే ఉంది,” అన్నారు. నాకు జాలేసింది. ఇంకో దీర్ఘం తగిలించాను. ఆయన తృప్తిగా సంతకం పెట్టి వెళ్ళారు.

ఐదేళ్ళలో అలాంటి కాగితాలు నలభై మూడు వచ్చాయి. మధ్యలో ఎవరో సలహా చెబితే రాతపూర్వకంగా కూడా అడిగి చూశారు. “తాటిగెడ్డ విషయమై ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?” అని. రాజధానిలో గెడ్డ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అచ్చుతప్పు అనుకుని ‘గడ్డ’ అని సరిచేసి ఉద్యానవన శాఖకి పంపారు. పదకొండు నెలలకి జవాబు వచ్చింది: “రాష్ట్రంలో గడ్డల దిగుబడి సంతృప్తికరముగా నున్నది. తాటి రకమును ప్రోత్సహించు ప్రతిపాదన పరిశీలనలో నున్నది.” ఆయన ఆ జవాబుని సూరమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ కాసేపు ఆలోచించి, “పోన్లే బాబూ, ఏదో ఒకటి పరిసీలిస్తన్నారు కదా,” అందట.

నలభై మూడుసార్లు ఓడినవాణ్ణి జనం మళ్ళీ గెలిపించరని మా గదిలో అందరం అనుకున్నాం. కానీ సభని టీవీలో చూపించడం అప్పటికే మొదలైంది. వాళ్ళ ఊళ్ళో పనులు మానుకుని మరీ చూసేవారు. నాయుడు గారు లేవగానే ఈలలు, ‘అధ్యక్షా’ అనగానే చప్పట్లు. గంట మోగితే స్పీకరు గార్ని నాలుగు తిట్టేవారు. ఈసారైనా పూర్తిగా చెబుతాడేమోనని రెండోసారి గెలిపించారు, అదే ఆశతో మూడోసారీ గెలిపించారు. సూరమ్మ మాత్రం ఏటా వానాకాలం గుడ్లు నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటుతూనే ఉంది.

ఆయన మూడో విడతలో సభకి మర్యాద మీద మోజు పుట్టింది.

సభలో భాష పాడైపోతోందని పత్రికలు రాసిన మీదట సభా మర్యాద పునరుద్ధరణ సంఘాన్ని వేశారు. ఆ సంఘం చైర్మన్ గారు ఏడు రాష్ట్రాలు తిరిగొచ్చి తొమ్మిది వందల పేజీల నివేదిక ఇచ్చారు. దాని సారాంశం ఆయన మాటల్లోనే రాసుకున్నాను: “మర్యాద యనునది కొలవదగినది. సభ్యుడు పలికిన మొత్తం మాటలలో అధ్యక్ష సంబోధన ఎంత శాతమో, అతని మర్యాద అంత శాతము. ఇందు వాదమునకు తావు లేదు.”

లెక్కించే పని మా గదికి అప్పగించారు. ముఖ్యమంత్రి గారికి నాలుగు శాతం వచ్చింది. ప్రతిపక్ష నాయకుడు గారికి రెండున్నర. బాగా మాట్లాడతారని పేరున్న ఒక సభ్యురాలికి అర శాతం కూడా రాలేదు, పాపం ఆవిడకి చెప్పాల్సింది చాలా ఉండేది. కింతాడ అప్పలసూరి నాయుడు గారికి నూటికి నూరు వచ్చింది.

సంఘానికి అనుమానమొచ్చి నా పుస్తకాలతో సహా నన్ను పిలిపించింది.

“ఈ సభ్యుడు పదమూడేళ్ళలో అధ్యక్షా తప్ప వేరొక పదము ఉచ్చరించలేదా?” అన్నారు చైర్మన్ గారు.

“లేదండీ.”

“కోపములో కూడనా?”

“కోపంలో కూడా అదేనండీ. కాకపోతే దీర్ఘం ఎక్కువ.”

చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. “ఇటువంటి సభ్యుడు మన మధ్య నుండగా మనము ఏడు రాష్ట్రములు తిరిగితిమి,” అన్నారు.

ఆ ఏడు ఉత్తమ శాసనసభ్యుడి బిరుదు నాయుడు గారికే ఇచ్చారు. శాలువా కప్పి, వెండి గంట ఒకటి బహూకరించి, రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. జేబులోంచి రెండు వాక్యాల ఆ పాత కాగితం తీశారు. “అధ్యక్షా!” అన్నారు. అంతే, సభంతా లేచి నిలబడి చప్పట్లు. మూడు నిమిషాలు ఆగకుండా కొట్టి, అదే ఊపులో భోజనాలకి వెళ్ళిపోయారు. నాయుడు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, నవ్వలేక నవ్వారు.

మార్కుల పట్టిక పత్రికల్లో పడటంతో సభ్యులు జాగ్రత్తపడ్డారు. మొదట్లో వాక్యానికి ఒక ‘అధ్యక్షా’ కలిపేవారు, తర్వాత మాటకొకటి. “అధ్యక్షా ఎరువులు అధ్యక్షా అందడం అధ్యక్షా లేదు.” అలా చేసినా యాభై శాతం దాటదని ఎవరో లెక్కగట్టి చెప్పారు. అప్పుడు అడ్డం వస్తున్నది విషయమేనని అందరికీ అర్థమై దాన్ని తీసేశారు. మరుసటి సమావేశాలకి సభ మొత్తం నాయుడు గారి బాట పట్టింది. కరువు మీద చర్చలో నూట నలభై మంది పాల్గొన్నారు. నా పుస్తకంలో నూట నలభై కొక్కేలు. పని సులువైంది గానీ నిజం చెప్పొద్దూ, నాకు బెంగగా ఉండేది.

మంత్రులకి కూడా మార్కులున్నాయి గనక వాళ్ళూ జవాబుగా ‘అధ్యక్షా’ అని కూర్చునేవారు. అది ఔననా కాదనా అని ఎవరో సందేహం లేవనెత్తారు. స్పీకరు గారు వారం రోజులు ఆలోచించి రూలింగు ఇచ్చి, బులెటిన్‌లో అచ్చు వేయించారు: “సంపూర్ణ మర్యాదతో కూడిన సమాధానము తిరస్కారము కానేరదు. కావున మంత్రివర్యులు కేవలము అధ్యక్షా అని విరమించినచో ప్రభుత్వము అంగీకరించినట్లే భావించవలెను.” ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ ఏమీ అడగడం లేదు కాబట్టి ప్రభుత్వం అన్నిటికీ అంగీకరించినా ఖర్చేమీ లేదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో రెండు విశేషాలు జరిగాయి. నాయుడు గారు నాలుగోసారి గెలవగానే ఆయన్ని ఏకగ్రీవంగా స్పీకరుని చేశారు. పదిహేనేళ్ళలో ఎవరినీ ఒక్క మాట అనని మనిషి సభలో ఇంకొకరు లేరు. రెండో విశేషం సూరమ్మ. అంగన్‌వాడీ పని మానేసి, అవతలి ఒడ్డు నియోజకవర్గం నుంచి పోటీ చేసి గెలిచి వచ్చింది. “గెడ్డ సగం ఆయనది, సగం నాది. ఇద్దరం లెగిస్తే ఒక గెడ్డవుతాది,” అని ప్రచారం చేసిందట.

స్పీకరయిన రోజు నాయుడు గారు మా గదికి వచ్చారు. వెనక బంట్రోతులు ఇద్దరు. వాళ్ళని బయట ఉండమని, కుర్చీలో కూలబడ్డారు.

“రిపోర్టరు గారూ, ఒక సందేహమండీ. స్పీకరు సభలో తన నియోజకవర్గం సంగతి ఎలా లేవనెత్తాలి?”

“లేవనెత్తకూడదండీ. స్పీకరు ఏ పక్షానా మాట్లాడకూడదు.”

“పోనీ, ఒక్క రెండు వాక్యాలు.”

“అసలు మొదలెట్టడమే కుదరదండీ,” అన్నాను బాధగా. “తమరు ఎవర్ని అధ్యక్షా అంటారు?”

పదిహేనేళ్ళు ఒక్క మాట దగ్గర ఆగిన మనిషికి ఆ ఒక్క మాట కూడా పోయింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, “మీట మాత్రం నా దగ్గరే ఉంది,” అన్నారు. ఎందుకన్నారో అప్పుడు నాకు తెలియలేదు.

సూరమ్మ వంతు ఆ వానాకాలం సమావేశాల్లో వచ్చింది. కొత్త సభ్యురాలు గనక ఆఖరి వరుస. లేచి, కొంగు నడుముకి దోపుకుని, మైకుని చూసి ఒకసారి దగ్గింది.

“అధ్యక్షా!”

సభంతా మర్యాదగా బల్లలు చరచబోయింది. ఆవిడ ఆగలేదు.

“మా తాటిగెడ్డ మీద వంతెన్నేదు. పోయిన్నెల వానలకి గెడ్డ పొంగిపోనాది. టెంత్ పరీచ్చ మళ్ళీ రాద్దారని పదకొండుమంది పిల్లలు అవతలొడ్డున నిలబడిపోనారు. ఇవతలొడ్డున పరీచ్చ అయిపోనాది. ఒక ఆడగుంట పెన్ను సేత్తో పట్టుకునే ఏడిసింది. ఇరవయ్యేళ్ళ బట్టీ సూస్తన్నాం. వంతెన ఏస్తారా, ఎయ్యరా? అదొక్కటీ సెప్పండి.”

రెండేళ్ళుగా సభలో ఎవరూ విషయం మాట్లాడలేదు. కొందరికి చెవులు గింగురుమన్నాయి. మర్యాద సంఘం చైర్మన్ గారు గుండె పట్టుకుని కూర్చున్నారు. “మూడు శాతము కూడ నుండదు! ఆపించండి!” అని అరిచారు. నేను మెడ తిప్పి పైకి చూశాను. నాయుడు గారి వేలు ఎర్ర మీట మీదే ఉంది. కానీ నొక్కలేదు. సూరమ్మ చివరి మాట దాకా మాట్లాడి కూర్చుంది. నా పెన్సిలు అలవాటు తప్పి రెండుసార్లు విరిగింది.

“గౌరవ మంత్రివర్యులు సమాధానమివ్వాలి,” అన్నారు నాయుడు గారు.

వంతెనల మంత్రి గారు దస్త్రం పట్టుకుని లేచారు. అందులో ఏముందో తర్వాత తెలిసింది. వాగు సగం ఒక డివిజనులో, సగం ఇంకో డివిజనులో ఉన్నందున, ఏ డివిజనూ మొత్తం వంతెన వేయజాలదు కనుక, ప్రతిపాదన తిరస్కరించడమైనదని నాలుగు పేజీల సమాధానం. మంత్రి గారు గొంతు సవరించుకున్నారు.

“అధ్యక్షా!” అన్నారు.

నాయుడు గారు మీట నొక్కారు.

మంత్రి గారి పెదవులు కదులుతున్నాయి. చేతులు ఆడుతున్నాయి. మాట మాత్రం లేదు. ఎలా ఉంటుందో నాయుడు గారికి తెలుసు, అందుకే కాస్త జాలిగానే చూశారు. తర్వాత బులెటిన్ చేతిలోకి తీసుకుని, తన మైకులో నెమ్మదిగా చదివారు.

“మంత్రివర్యులు సంపూర్ణ మర్యాదతో సమాధానమిచ్చారు. అమల్లో ఉన్న రూలింగు ప్రకారం తాటిగెడ్డ వంతెనకి ప్రభుత్వం అంగీకరించింది. సమయాభావం దృష్ట్యా గౌరవ మంత్రి గారు సహకరించాలి. తర్వాతి అంశం.”

అవతలి ఒడ్డు సభ్యురాలు ఒక్కతే బల్ల చరిచింది. అయినా నేను ‘హర్షధ్వానాలు’ అనే రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

పావుగంటలో మంత్రి గారు మా గదిలో ఉన్నారు. నకలు బల్ల మీద పడేసి, “ఇదేమిటయ్యా? నేను తిరస్కరించబోయాను! నాలుగు పేజీలు చదవబోయాను!” అన్నారు.

లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాను. “చెప్పబోయినవి రికార్డులోకి రావండీ.”

పై సమావేశాలకల్లా మర్యాద శాతాలు రద్దయ్యాయి, నాయుడు గారి స్పీకరు పదవీ పోయింది. వంతెన మాత్రం రికార్డుకెక్కింది గనక వేయక తప్పలేదు. ఏ డివిజను ఒడ్డు నుంచి ఆ డివిజను కట్టుకుంటూ వచ్చింది. నడిమధ్యలో కలిసేసరికి ఒకటి ఇంకొకదాని కంటే జానెడు ఎత్తుగా తేలింది. అక్కడ కొంచెం సిమెంటు ఏటవాలుగా పోశారు. ఇప్పటికీ ఆటోలు అక్కడ ఒకసారి ఎగురుతాయి, గుడ్ల అట్టలు గట్టిగా పట్టుకోవాలి.

వంతెన పూర్తయి, ఇంకా ప్రారంభోత్సవం జరగకముందే ఎన్నికలొచ్చాయి. నాయుడు గారు ఓడిపోయారు. ఎందుకు ఓడించారని నేను వాళ్ళ ఊళ్ళో ఒకాయన్ని అడిగాను. “వంతెనొచ్చీసింది కదండీ. ఇంకా ఆయనకి అక్కడ ఏటి పనుంది?” అన్నాడు. అందులో కోపం ఏమీ లేదు.

ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. అప్పటికి నేను రిటైరయ్యాను. వంతెన మధ్యలో, ఆ జానెడు ఎత్తు మీద, చిన్న షామియానా వేశారు. మళ్ళీ గెలిచిన సూరమ్మ రిబ్బను కత్తిరించి, కుట్టుమిషను దగ్గర్నుంచి తీసుకొచ్చిన నాయుడు గారి చేతికి మైకు ఇచ్చింది. ఆయన కండువా సర్దుకున్నారు.

“అధ్యక్షా!” అన్నారు, అలవాటుకొద్దీ.

జనం గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది. నాయుడు గారు కూడా, అలవాటుకొద్దీ, సహకరించి కూర్చోబోయారు.

సూరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. “ఇక్కడ గంట కొట్టీవోలు ఎవుల్నేరు బాబూ. సెప్పు. ఇంతాం.”

జనం నిజంగానే ఊరుకున్నారు. కింద గెడ్డ చప్పుడు వినబడుతోంది. నాయుడు గారు రెండు ఒడ్లనీ ఒకసారి చూసి, వంతెన మీద నిలబడి, మైకు లేకుండా, ఇరవయ్యేళ్ళుగా నోట్లో ఉన్నది చెప్పేశారు.

“తాటిగెడ్డ మీద వంతెన లేక రెండొడ్ల జనం చాలా ఇబ్బంది పడుతున్నారు. వెంటనే వంతెన వేయించవలసిందిగా తమరి ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.”

ఒక్కరూ నవ్వలేదు. నేను జేబులు తడుముకున్నాను. పుస్తకం లేదు గానీ జేబులో పెన్సిలుంది. ఆహ్వానపత్రం వెనక అన్నది అన్నట్టు రాసుకున్నాను. ఆయన ఆ జానెడు ఎత్తు దిగి వచ్చి, చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. ఒక్క అక్షరం కూడా దిద్దకుండా కింద సంతకం పెట్టి నాకు ఇచ్చేశారు.